గీత మధ్యలో చదును

ఆదివారం

ఇవాళ మా బావ చేత విమానం కూల్పించాను. చచ్చినవాళ్ళెవరూ లేరు, కంప్యూటర్లో విమానం కాబట్టి. ఎంత మంచి వేషం, ఎంత ఓపిగ్గా వేశాను! తలుచుకుని నవ్వుకుందామని పుస్తకం తీస్తే నవ్వు రావడం లేదు. కూరలో ఉప్పు మర్చిపోయినట్టుంది.

మొదటినుంచి రాస్తాను. లేకపోతే రేపు నాకే నమ్మబుద్ధి కాదు.

హాల్లో భోజనాల బల్లకి ఒక చివర దూడ బిగించి ఉంటుంది. దాని అసలు పేరు యోక్. విమానంలో పైలట్ ముందుండే స్టీరింగన్న మాట. గుండ్రంగా ఉండదు, రెండు కొమ్ములు లేచి ఉంటాయి. తిప్పితే రెక్కలు వాలతాయి, నెడితే ముక్కు దిగుతుంది, లాగితే లేస్తుంది. పాత దుప్పటి ముక్కతో దానికి చెవులూ కళ్ళూ ఉన్న తొడుగు కుట్టి పెట్టాను. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ అది దూడే. బావ ఒక్కడే ‘యోక్’ అంటాడు, ముక్కు పైకెత్తి.

బావ పగలంతా టవర్ క్రేన్ నడుపుతాడు. ఆకాశంలో అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని రెండు లివర్లతో ఇనప దూలాలు ఎత్తి దించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ ఆకాశంలోకే. “నేల మీద నీకేం బాధ బావా, అక్క ఉందనా?” అంటే “అక్క పక్కన నువ్వున్నావని, మరదలు పిల్లా” అంటాడు. నా తల సగం నెరిసింది, ఆయనకి మాత్రం ఇంకా పిల్లనే.

మా ఆయన ఆ క్రేన్ కిందే పని చేస్తాడు. బరువుకి బెల్టులు కట్టి, వాకీటాకీలో “ఎడమకి, ఇంకాస్త, మెల్లగా” అని చెప్పేది ఈయనే. కింద ఏముందో పైవాడికి చాలాసార్లు కనపడదట. ఈయన గొంతే బావకి కళ్ళు. బావ చెయ్యే ఈయనకి ఆయుష్షు. తోడల్లుళ్ళు ఒకే ఇంట్లో కొట్టుకోకుండా ఉండటమే గొప్ప, వీళ్ళు పనిలో కూడా జంటే.

బావకీ నాకూ యుద్ధం పాతది. నేను ఆసుపత్రి వాళ్ళకి తెల్ల కోట్లు కుడతాను. నేను లేచినప్పుడు వచ్చి మిషన్ సూదిలో ఎర్ర దారం ఎక్కించి పోతాడు. చూసుకోకుండా తొక్కుతానా, తెల్ల కాలరు మీద రక్తం చారలా ఎర్ర గీత! “నీ చెయ్యి పడిపోను బావా!” అని వీధంతా వినపడేలా తిడతాను. మర్నాడు ఆయన బూట్లలో గుండీలు పోస్తాను. లెక్క సరి.

ఈ మధ్య గొప్పలు ఎక్కువయ్యాయి. “చూశావా మరదలా, దూది మీద దూది పడ్డట్టు దించాను.” రోజూ ఇదే పాట. ఆట మొదలుపెట్టేముందు దూడకి కొలతలు తీస్తాడు. పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి, నెట్టడం, లాగడం, ఆ తర్వాత చేతులు తీసేసి ఊపిరి బిగబట్టి కూర్చోవడం. అప్పుడు కంప్యూటరు ‘ఇదీ నడిమధ్య’ అని గుర్తు పెట్టుకుంటుందట. దాన్నే కాలిబ్రేషన్ అంటాడు. నా టేపు నడుము దగ్గరికి రాగానే పొట్ట లోపలికి పీల్చేవాళ్ళు గుర్తొస్తారు నాకు. కొలత బ్రహ్మాండంగా వస్తుంది. గుండీ పట్టదు.

తర్వాత ఇంకో బొమ్మ వస్తుంది, ఒక గీత. నాకు ఇంగ్లీషు రాదు గానీ గీతలు వచ్చు. బతుకంతా సుద్దముక్కతో గీస్తున్నవే కదా. ఆ గీత మధ్యలో చదునుగా పడుకుని, తర్వాత మెల్లగా లేస్తుంది. ఓసారి అడిగితే “ఆ చదునులో చెయ్యి కాస్త కదిలినా విమానానికి తెలియదు. డెడ్ జోన్ అంటారు” అన్నాడు. నా మిషన్ పెడల్ లాగే. మొదట కొంచెం నొక్కినా పలకదు, ఆ తర్వాతే అందుకుంటుంది.

ఇవాళ ఆయన స్నానానికి పోగానే ఆ చదును మొత్తం లాగి పారేశాను. గీత చీపురుపుల్లలా నిటారుగా నిలబడింది. ఇక చీమ తుమ్మినా దూడకి వినపడుతుంది.

అందరం కూర్చున్నాం. కెప్టెన్ గారు ప్రకటన చేశారు. “ప్రయాణికులకు మనవి. వెనక సీట్లో అల్లరి చేసే ఆడమనిషిని దారిలో దింపేయడమైనది.” విమానం దిగడానికి వంగింది. అంతే, చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. ముక్కు పైకీ కిందకీ, రెక్కలు అటూ ఇటూ. ఒక రెక్క నేలకి రాసుకుంది. తెర ఎర్రబడింది.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా ఆయన కూడా. “అన్నయ్యా, నా నెత్తిన మాత్రం ఇలా దించకు.”

బావ నవ్వలేదు. ‘ఎవరే ముట్టుకుంది?’ అని నా వైపు చెప్పు విసరాలి కదా. విసరలేదు. రెండు చేతులూ తీసి తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మొహం కంటే నేను కుట్టే తెల్ల గుడ్డ నయం.

“తీగ లూజయినట్టుంది” అని లేచిపోయాడు.

సోమవారం

ఎర్ర దారం లేదు. మిషన్ చుట్టూ మూడు సార్లు వెతికాను. బావ దేనికీ బదులు తీర్చుకోలేదు.

తీగ లూజే అయి ఉంటుంది.

మంగళవారం

మగవాళ్ళిద్దరూ పనికి పోయాక, అక్క బట్టలు ఆరేస్తుండగా కంప్యూటరు తెరిచాను. ఊరికే. ఏం చేశాడో చూద్దామని.

చదును మళ్ళీ పెట్టాడు. అంతకుముందు నేను తీసేసినదాని కంటే వెడల్పు. గీత మధ్యలో మైదానం పరిచినట్టుంది.

అంటే ఎవరో ముట్టుకున్నారని ఆయనకి తెలుసు. తీగ లూజని ఎందుకన్నాడు మరి?

చదును తీసేసి దూడ కొమ్ములు నేను పట్టుకున్నాను. తెర మీద చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది, చెయ్యి ఎటు పోతే అటు పోతుంది. నా చెయ్యికి అది గోడకి కొట్టిన మేకులా నిలబడింది. తుమ్మాను. కొంచెం కదిలి మళ్ళీ మధ్యకి వచ్చి కూర్చుంది. చాలాసేపు పట్టుకున్నాను.

అదే తీగ. అదే దూడ. అదే నిటారు గీత.

నాది కుట్టుపని చెయ్యి కదా, కదలదు. లేదా పొద్దున చల్లగా ఉంది కాబట్టి తీగ బిగుసుకుని ఉంటుంది.

మళ్ళీ ఆ మైదానం ఎలా ఉందో అలాగే పెట్టేశాను. నా బతుకులో వేసిన వేషాన్ని వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు.

బుధవారం

“బావా, నా కళ్ళు కనపడట్లేదు, ఈ సూదిలో కాస్త దారం ఎక్కించు” అన్నాను. సాయంత్రమే, వెలుతురు బాగానే ఉంది. మామూలుగా అయితే “ముసలమ్మా, ఇలా ఇవ్వు” అని లాక్కుని ఒక్క పోటులో ఎక్కించి నా మొహం మీద ఊపుతాడు.

“కళ్ళజోడు లోపలుంది” అని లోపలికి వెళ్ళాడు. రాలేదు.

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది.

తర్వాత అక్క టీ తెచ్చింది. నాకూ మా ఆయనకీ గ్లాసు నిండా, బావకి సగం. ఎప్పటినుంచి సగం? మళ్ళీ అడుగుతున్నాను, ఎప్పటినుంచి సగం పోస్తోంది? నేను రోజూ ఎదురుగా కూర్చుని తాగుతున్న టీ అది. ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కంటిచూపుతో కొలిచేసేదాన్ని. ఇంట్లో గ్లాసు కొలత తెలియలేదు.

సగం గ్లాసయితే తొణకదు.

గురువారం

మా ఆయన టోపీ లేకుండా వచ్చాడు. పనిలో పెట్టుకునే పసుపు రంగు గట్టి టోపీ.

“ఏదీ?”

“చిట్లింది. దూలం దిగేటప్పుడు ఊగి తగిలింది. ఒక్క వేలు ఎడం. లేకపోతే ఈపాటికి నువ్వు నా ఫొటోకి మీసాలు గీస్తూ ఉండేదానివి” అని పకపకా నవ్వాడు. “గాలిలే. పైన గాలి ఎక్కువ.”

ఇంటి ముందు తీగ మీద ఆరేసిన కోట్లు చూశాను. పొద్దుటినుంచి ఒక్క చెయ్యి కూడా ఊగలేదు. శవాల్లా వేలాడుతున్నాయి.

గాలి లేదు. ఇవాళ ఎక్కడా గాలి లేదు.

శుక్రవారం

మా ఆయనకి చెప్పాను. బూట్లు తొడుక్కుంటుంటే ఎదురుగా నిలబడి చెప్పేశాను. “బావ చెయ్యి వణుకుతోంది. నువ్వు ఆ క్రేన్ కింద నిలబడకు.”

నా మొహంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. “పోయినసారి కుక్క కరిచిందని ఫోన్ చేసి పరిగెత్తించావు. వచ్చి చూస్తే దూది కుక్క. ఈసారి అన్నయ్య మీద పడ్డావా?”

“ఒట్టు.”

“కుక్కప్పుడూ ఒట్టే వేశావు.”

“నా మొహం చూసి చెప్పు, వేషంలా ఉందా?”

“చాలా బాగా వేస్తున్నావు” అని బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ నవ్వించి నవ్వించి నా నోటికి నేనే తాళం వేసుకున్నాను. నిజం చెప్తే నమ్మే మనిషి ఒక్కడు లేడు.

అక్క దగ్గరికి పోయాను. వంటింట్లో గ్లాసులు తుడుస్తోంది. “సగం గ్లాసు ఎందుకు పోస్తున్నావు?” అన్నాను. ఇంకేమీ అనలేదు. దాని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“తెలిసిపోయిందా?” అంది.

లేదంటుందని, తిడుతుందని, చీపురు తీస్తుందని అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“నీకు తెలిసే ఉందా? నా మొగుడు ఆ దూలం కింద నిలబడతాడు, తెలిసే ఊరుకున్నావా?”

“మెల్లగా అరవవే. నేను ఊరుకోలేదు. మానెయ్యమని ఏడ్చాను. అప్పుడు మీ బావే ఒక మాట ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఆ విమానం దించుతాను, ఏ రోజు సరిగా దించలేకపోతే మర్నాడు క్రేన్ ఎక్కను అని. అందుకే కదా రోజూ నేను పక్కన కూర్చునేది. నాకేమైనా విమానాల పిచ్చా? దిగుతోందా లేదా అని చూస్తా. దూదిలా దిగుతోంది. మొన్న ఒక్కసారే కూలింది, అది తీగ లూజట, మర్నాడు సరిచేసి దించి చూపించాడు.”



ఆ గీత సంగతి అక్కకి తెలియదు. దానికి కంప్యూటరంటే తెర ఒక్కటే. తెర మీద విమానం నున్నగా దిగుతుంటే చెయ్యి నున్నగా ఉందనుకుంటోంది. చెయ్యి ఎంత వణికితే చదును అంత వెడల్పు చేస్తున్నాడు. వణుకు మొత్తం ఆ చదునులో పడి చస్తోంది, విమానం దాకా పోవడం లేదు. పరీక్ష పెట్టుకున్నదీ ఆయనే, దాన్ని డొల్ల చేసుకున్నదీ ఆయనే. పొట్ట లోపలికి పీల్చి కొలత ఇచ్చాడు.

క్రేన్ లివరుకి అంత చదును లేదు. టోపీయే సాక్ష్యం.

“ఏమిటే అలా అయిపోయావు?” అంది అక్క.

“ఏం లేదు, తీగ లూజు” అన్నాను. ఎందుకన్నానో! దాని మొహం చూసి ఆ నమ్మకాన్ని పీకడానికి చెయ్యి రాలేదు. ఊరందరి గుట్టూ విప్పే నాకు.

శనివారం

మా ఆయన పనికి వెళ్ళాడు. వచ్చాడు. ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదు.

ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బావ దూడ తొడుగు తీశాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“బావా, ఆ గీత నిటారుగా పెట్టి ఒక్కసారి దించు. దించితే ఇంకెప్పుడూ నీ వస్తువు ముట్టుకోను.”

తెర వైపే చూస్తూ అన్నాడు. “నువ్వేనని అప్పుడే తెలుసు.”

“తిట్టలేదే?”

“తిడితే ఎందుకు వణికిందని అడుగుతావు. తీగ అంటే నమ్ముతావనుకున్నా.”

“నేను పట్టుకుంటే ప్లస్ గుర్తు కదల్లేదు బావా.”

బావ దూడ తొడుగు మడత పెట్టాడు. తర్వాత అన్నాడు. “పని లివరు వేరు మరదలా. అది బరువుగా ఉంటుంది. వణుకు దానికి ఆనదు.”

“టోపీకి ఆనింది.”

నా వైపు తిరిగాడు. కళ్ళలో కోపం ఉంటుందనుకున్నాను. భయం ఉంది. మా బావ కళ్ళలో భయం నేను ఎప్పుడూ చూడలేదు, చూశాక ఎటు చూడాలో తెలియలేదు. ఆయనే మౌస్ పట్టుకుని చదును తీసేశాడు. పూర్తిగా.

అప్పటికి అక్క వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మా ఆయన వచ్చి “ఏంటి, బావామరదళ్ళు పందెమా?” అన్నాడు. తనే మళ్ళీ “అన్నయ్య గెలుస్తాడు, రాసుకో” అన్నాడు.

విమానం లేచింది. లేచేటప్పుడే రెక్కలు గజగజలాడాయి. బావ కొమ్ముల్ని గట్టిగా బిగించి పట్టుకున్నాడు. ఎంత బిగిస్తే అంత ఎక్కువయింది. వణుకు చేతుల్లోంచి దూడకి, దూడలోంచి బల్లకి పాకింది. బల్ల మీద టీ గ్లాసులో చెంచా టిక్కుటిక్కుమంటోంది. అక్క లేచి నిలబడింది.

“బిగింపు వదులైంది అన్నయ్యా, అందుకే ఊగుతోంది” అని మా ఆయన బల్ల కిందకి దూరాడు. దూడని బల్లకి పట్టి ఉంచే మరని రెండు చేతులా పట్టుకున్నాడు. పిచ్చిమనిషి. అక్కడినుంచి, రోజూ వాకీటాకీలో అనే గొంతుతోనే, హుషారుగా అన్నాడు. “కిందే ఉన్నా అన్నయ్యా. భయం లేదు. మెల్లగా దించు.”

బావ చేతులు తీసేశాడు.

విమానం కూలలేదు. ఎవరూ పట్టుకోకుండా, వణక్కుండా, కాసేపు తిన్నగా, నున్నగా ఎగిరింది. ఈ వారంలో నేను చూసిన అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

“తమ్ముడూ, బయటికి రా” అన్నాడు బావ.

“పట్టుకునే ఉన్నా, నువ్వు దించు.”

“బయటికి రారా! నువ్వు కింద ఉండగా నేను దించలేను.”

మా ఆయన నవ్వుతూ బయటికొచ్చాడు, సగంలో నవ్వు ఆగిపోయింది. బావ ఈసారి చేతులు తొడల కింద దాచుకోలేదు. రెండూ బల్ల మీద పెట్టాడు. ఎడమది పరవాలేదు. కుడిది ఎవరో లోపలినుంచి తలుపు తడుతున్నట్టు కొట్టుకుంటోంది. మా ఆయన ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు. శుక్రవారం నేను చెప్పింది అప్పుడు ఆయన చెవికి చేరింది. కుర్చీ వెతుక్కోకుండా నేల మీదే కూలబడ్డాడు.

“దూదిలా దిగుతోందిగా” అంది అక్క. “నేను చూస్తున్నాగా. రోజూ చూస్తున్నాగా.”

“చదును పెట్టుకున్నానే” అన్నాడు బావ. దానికి అర్థం కాలేదు. నేను చెప్పాను, మిషన్ పెడల్ చూపించి. అర్థమయ్యాక అక్క ఏడవలేదు, అరవలేదు. బావ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి నొక్కి పట్టింది. దాని గాజులు కూడా చప్పుడు చేయడం మొదలుపెట్టాయి.

తెర మీద విమానం ఎక్కడో కొండని తాకింది. ఎవరూ చూడలేదు.

సోమవారం

ఇద్దరూ కలిసే పనికి వెళ్ళారు. బావ క్రేన్ ఎక్కలేదు. ఇంజనీరు గదిలోకి వెళ్ళి చెప్పి వచ్చాడట. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో మా ఆయన్ని అడిగితే “నేను బయటే నిలబడ్డా” అన్నాడు. రోజంతా కొత్తవాడి గొంతు వినీ వినీ విసుగొచ్చిందట. ‘ఎడమకి’ అంటే ‘ఎవరి ఎడమకి?’ అంటాడట.

అన్నం సరిగా తినలేదు.

దూడకి తొడుగు వేసి ఉంది.

శుక్రవారం

డాక్టరు మందులిచ్చాడు. తగ్గుతుందనలేదు, తగ్గదనీ అనలేదు. అక్క గ్లాసు ఇంకా సగమే పోస్తోంది. బావ ఆ సగం తాగి “ఇంకో సగం తే” అంటాడు. దాచడం లేదు కదా, అదీ నయమే.

మాతో మాట్లాడుతున్నాడు. నాతో వేళాకోళం మాత్రం ఆడటం లేదు. నేనూ ఆడటం లేదు. ఇల్లు ఆసుపత్రి వరండాలా ఉంది.

బుధవారం

కోటు కాలరు కుడుతున్నాను. పని తొందరలో చూసుకోలేదు. సగం దాకా తొక్కాక చూస్తే తెల్ల కాలరు మీద ఎర్ర గీత.

కాలు పెడల్ మీదే ఉండిపోయింది. పొద్దున నేను ఎక్కించింది తెల్ల దారం. మధ్యలో లేచింది ఒక్కసారే, పాలవాడికి గిన్నె ఇవ్వడానికి. కాదు, ఇచ్చి వీధి చివరింటి ఆవిడని నిలబెట్టి చాలాసేపు వాగాను కూడా.

సూది దగ్గర దారం కొస చూశాను. నోట్లో తడిపి, నలిపి, పీచులు లేచి ఉంది. మిషన్ కింద నేల మీద ఎర్ర దారం తుంపులు. కొస చెడిపోయినప్పుడల్లా కత్తిరించి పారేసినవి. చీపురుకి చాలినన్ని ఉన్నాయి. ఎంతసేపు కూర్చున్నాడో, ఎన్నిసార్లు గురి తప్పిందో. నేను వీధిలో ఇంకొంచెం తక్కువ వాగి ఉంటే దొరికిపోయేవాడు.

పక్కగదిలో దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. నా అరుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నప్పుడు దగ్గే దగ్గు.

నోరు తెరిచాను. పాత తిట్టే, ఆ చెయ్యి తిట్టే, నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఇన్నేళ్ళు ఏ మాట విసిరానో అప్పుడు తెలిసింది. ఇంకో తిట్టు వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు.

“ఏం మరదలు పిల్లా, చప్పుడు లేదు?” అని బావ అరిచాడు. “ఆ మాటే తిట్టు. కొత్తవి నీ నోటికి నప్పవు.”

తిట్టాను. వీధంతా వినపడేలా, ఒక్క అక్షరం తగ్గించకుండా తిట్టాను.